వైరు పట్టుకునే డ్యూటీ

మీ ఇంట్లో ఛార్జింగ్ ఎక్కని ట్యాబ్ ఒక్కటైనా ఉందా? లేదా? అయ్యో! మరి మీ ఇంట్లో వాళ్ళంతా ఒకచోట ఎప్పుడు కూర్చుంటారండీ?

నవ్వకండి. బ్యాటరీ బాగున్న ట్యాబ్ అంత పనికిమాలిన వస్తువు ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం. పొద్దున నూరు చూపిస్తుంది, సాయంత్రానికి అరవై చూపిస్తుంది. ఈ మధ్యలో దాని గురించి ఎవరైనా ఒక్క ముక్క మాట్లాడతారా? మాట్లాడరు. దాని పుణ్యమా అని మిమ్మల్ని ఎవరైనా పలకరిస్తారా? పలకరించరు. అదే ఛార్జింగ్ ఎక్కని ట్యాబ్ చూడండి! ఇంటిల్లిపాదినీ ఒక ప్లగ్గు చుట్టూ కూర్చోబెడుతుంది.

ఈ విషయంలో నాకు నలభై రోజుల అనుభవం ఉంది. కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను. నలుగురిలో నిలబడి ఇదే మాట చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు. నా ధైర్యమంతా వేళ్ళ చివర్లలోనే ఉంటుంది, గొంతు దాకా రాదు.

ముందు మా ట్యాబ్ పుట్టుపూర్వోత్తరాలు చెప్పాలి. అత్త పనిచేసే ఆఫీసులో పాతబడ్డాయని పక్కన పడేసిన వాటిలో ఒకటి తెచ్చి నాకిచ్చింది. స్కూలు పాఠాలు దాన్లోనే వస్తాయి. నాకది పాఠాల కంటే డైరీకి ఎక్కువ అవసరం. అంతకు ముందు డైరీ నోటుబుక్కులో రాసేదాన్ని. ఒకరోజు అది మా బాబాయి చేతికి చిక్కింది. బాబాయి వ్యాన్ నడుపుతాడు, గొంతు కూడా హారన్ లాగే ఉంటుంది. అందరూ భోంచేస్తుంటే వార్తలు చదివినట్టు చదివాడు: "ఈనాటి ముఖ్యాంశాలు. లెక్కల టీచర్ నన్ను చూసి నవ్వింది. నేను కూడా నవ్వాలనుకున్నాను. ఈలోగా ఆవిడ వెళ్ళిపోయింది."

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నిజం చెప్పొద్దూ, నాకూ నవ్వొచ్చింది. గదిలోకి వెళ్ళి నవ్వుకున్నాను, ఏడవడం అయ్యాక.

అప్పట్నుంచి డైరీ ట్యాబ్‌లోకి మారింది. ఎనిమిదంకెల పాస్‌వర్డ్ పెట్టాను. అమ్మ ఇంట్లోనే మిషను మీద బట్టలు కుడుతుంది. ఆవిడ ముక్కల బుట్టలోంచి పచ్చటి దుప్పటి ముక్క ఒకటి ఏరుకుని, ట్యాబ్‌కి నా చేత్తో సంచీ కుట్టాను. పిల్లిపిల్లలా మెత్తగా, బొచ్చుబొచ్చుగా ఉంటుంది. పని అవగానే ట్యాబ్‌ని తలకిందులు చేసి, ఛార్జర్ పెట్టే మూతి అడుక్కి పోయేలా అందులోకి గట్టిగా దోపేదాన్ని. అలాగైతే జారదు, దుమ్ము పడదు. రోజుకి పదిసార్లు తీయడం, పదిసార్లు దోపడం. అంత జాగ్రత్త మనిషిని నేను!

ఆ సంచీలోనే ఇంకొకటి కూడా ఉండేది. నాలుగు మడతలు పెట్టిన ఫారం. టౌన్లో హాస్టల్ ఉన్న స్కూల్లో నాకు సీటొచ్చింది. హెడ్మిస్ట్రెస్ పిలిచి ఫారం చేతిలో పెట్టి, "వచ్చే నెల ఇరవయ్యో తారీఖు లోపల మీ నాన్నగారి సంతకం పెట్టించి తీసుకురా. ఆ తర్వాత సీటు ఇంకొకరికి పోతుంది," అన్నారు.

ఎంతసేపు పని? "నాన్నా, ఇదిగో, సంతకం." మూడు మాటలు! స్నానం చేసేటప్పుడు చక్కగా ప్రాక్టీసు చేసేదాన్ని. నాన్న ఎదురుపడగానే మూడూ మూడు దిక్కులకి పారిపోయేవి. సొంత ఇంట్లో వాళ్ళతోనే నోరు పెగలని మనిషి, నలభై మంది కొత్త పిల్లలుండే హాస్టల్‌కి వెళ్తానంటోంది! ఈ తెలివికి సీటిచ్చిన వాళ్ళని అనాలి.

సరే, రేపు అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూ ఉండగానే ట్యాబ్‌కి జబ్బు చేసింది. మూడు గంటలు ఛార్జింగ్ పెట్టినా పన్నెండు దాటదు. ఎక్కుతున్నట్టు గుర్తు వస్తుంది, హమ్మయ్య అనుకునేలోపు మాయమైపోతుంది.

ఇంక చూడండి, మా ఇల్లు పెద్దాసుపత్రి అయిపోయింది!

నాన్న ఎలక్ట్రీషియన్. చుట్టుపక్కల సగం ఇళ్ళలో బల్బు వెలుగుతోందంటే ఆయన చేతి చలవే. అలాంటిది సొంత కూతురి ట్యాబ్ వెలగట్లేదంటే పరువు సమస్య కాదూ? సాకెట్ మార్చాడు. ఎక్కలేదు. సాకెట్‌లోకి వచ్చే వైరు మార్చాడు. ఎక్కలేదు. బోర్డు మొత్తం పీకేసి కొత్తది బిగించాడు. ఇప్పుడు అమ్మ మిషనుండే ముందుగదిలో తొమ్మిది పాయింట్లున్నాయి. తొమ్మిదింట్లో ఎక్కడ పెట్టినా ఎక్కదు. చివరికి మీటర్ పెట్టి చూసి తీర్పు చెప్పాడు: "కరెంటు లక్షణంగా వస్తోంది. దీనికే పుచ్చుకునే బుద్ధి లేదు." ఆ మాట అంటూ నా వంక ఎందుకు చూశాడో నాకిప్పటికీ తెలియదు.

బాబాయి వీడియోలు చూసి వైద్యం చేసే రకం. పవర్ బటన్ ముప్పై సెకన్లు నొక్కి పట్టమన్నాడు. ఛార్జర్‌దే తప్పేమోనని వీధిలో వాళ్ళ ఛార్జర్లన్నీ అడిగి తెచ్చాడు. సున్నాకి వచ్చేదాకా వాడి, అప్పుడు ఎక్కించమన్నాడు. సున్నాకి రావడం దానికి ఒకరు నేర్పాలా? వెలుతురు తగ్గించమన్నాడు. తగ్గించగా తగ్గించగా స్క్రీన్ ఎంత నల్లగా అయిందంటే, వారం రోజుల డైరీ అందాజుగా రాశాను. ఆ వారం నేనేం చేశానో ఇప్పుడు చదువుకుంటే నాకే అంతుపట్టడం లేదు.

నానమ్మ మాత్రం ఒకే మాట అంది. "ఆ బొచ్చు సంచీలో కుక్కి కుక్కి ఉక్కిరిబిక్కిరి చేస్తున్నావే దాన్ని. కాస్త గాలి తగలనీ."

"అమ్మా, అది ట్యాబ్. కోడిపిల్ల కాదు," అన్నాడు బాబాయి. మేమంతా పడీపడీ నవ్వాం. ఈ నవ్వు సంగతి కాస్త గుర్తుంచుకోండి.

ఆఖరికి బాబాయి నన్ను వ్యాన్ ఎక్కించి రిపేరు షాపుకి తీసుకెళ్ళాడు. ఆయన వ్యాన్ పక్కకి పెట్టొచ్చేలోపు నేను లోపలికి వెళ్ళాను. రిపేరాయన ట్యాబ్ని అటూ ఇటూ తిప్పి, "పాస్‌వర్డ్ చెప్పమ్మా," అన్నాడు.

నేను నేల చూశాను.

"పోనీ రాసియ్యమ్మా. తెరిచి చూడాలి కదా. లోపలున్నవి పోతే మాత్రం నా పూచీ లేదు, ముందే చెబుతున్నా."

అంటే ఏమిటన్నమాట? అయితే నా డైరీ ఈయన చదువుతాడు, లేకపోతే ఇంకెవరూ చదవలేకుండా పోతుంది. ట్యాబ్ లాక్కుని గబగబా బయటికి వచ్చేశాను. బాబాయి ఎదురొచ్చి, "ఏమన్నాడే?" అన్నాడు.

"గాలి తగలనివ్వమన్నాడు," అన్నాను. ఏం చెప్పను మరి! నోటికి అదే వచ్చింది.

ఇంటికొచ్చాక నాన్న ఒక కిటుకు కనిపెట్టాడు. వైరు మొనని కాస్త పైకెత్తి, ఎడమ వైపుకి అదిమి పట్టుకుంటే ఛార్జింగ్ ఎక్కుతుంది. వదిలేస్తే పోతుంది. రబ్బరు బ్యాండ్ వేశాడు, బట్టల క్లిప్పు పెట్టాడు, పుస్తకాలు ఆనించాడు. ఊహూ! మనిషి చెయ్యే కావాలట దానికి. నేను పట్టుకుంటే హోంవర్క్ ఎవరు చేస్తారు? కాబట్టి బోర్డు పక్కన గోడ మీద ఒక కాగితం వెలిసింది. పైన నాన్న దస్తూరీలో 'వైరు డ్యూటీ' అని, దాని కింద రెండు గీతలు. స్కూలు నుంచి రాగానే నానమ్మ. టీ అయ్యాక అమ్మ. చీకటి పడేవేళ బాబాయి. భోజనాలయ్యాక నాన్న.

పాఠకులారా, ఇక్కడి నుంచే నా స్వర్ణయుగం మొదలైంది!

వైరు పట్టుకున్న మనిషి ఎక్కడికీ పోలేడు. టీవీ చూడలేడు, ఫోన్ తీయలేడు. ఏం చేస్తాడు? కబుర్లు చెబుతాడు! నానమ్మ తను ఈత నేర్చుకున్న కథ చెప్పింది. పదహారేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, నానమ్మకి ఈతొచ్చని నాకు తెలియదు! బాబాయి ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి, తనకి వ్యాన్ వెనక్కి తీయాలంటే ఇప్పటికీ చెమటలు పడతాయని ఒప్పుకున్నాడు. అమ్మ కూనిరాగం తీసేది. నాన్న ఏమీ మాట్లాడేవాడు కాదు. నాడి చూస్తున్న డాక్టరులా వైరు పట్టుకుని నా పక్కన అలా కూర్చునేవాడు, అంతే. నాకదే చాలు.

నాతో మాట్లాడేవాళ్ళు కూడా ఎక్కువయ్యారు.

"ఎంతుందే?"

"పది."

"నిన్న ఈపాటికి?"

"తొమ్మిది."

"నయమే!"

ఇంత పొడుగు సంభాషణ నేను అంతకు ముందు ఎవరితోనైనా చేశానా? ఎదురింటావిడ కూడా కిటికీలోంచి తొంగిచూసి, "ఎంతుందమ్మా?" అని అడిగి వెళ్ళేది. చుట్టాలొచ్చి నన్ను ముందుగదిలో నిలబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టగానే, "ఛార్జింగ్ పోతోంది," అని గొణిగి తప్పుకునేదాన్ని. ఎంత మర్యాదైన సాకు! ఇంట్లో గడియారం కూడా మారిపోయింది. "ఎనిమిదికి రాగానే చెప్పు, టీ పెడతా," అనేది అమ్మ.

డైరీ కూడా బాగుపడింది. మూడు శాతంలో వాక్యం రాసి చూడండి. వర్ణనలు రావు. 'ఈ రోజు కూడా అడగలేదు' అని మాత్రమే వస్తుంది.

ఒకే ఒక్క భయం. డ్యూటీలో ఉన్నవాళ్ళు పక్కనే కూర్చుంటారు, స్క్రీన్ తెరిచే ఉంటుంది. చదివేస్తే? మొదట్లో అరచెయ్యి అడ్డం పెట్టుకుని రాశాను. తర్వాత ఒక వింత కనిపెట్టాను. ఎవరొచ్చినా స్క్రీన్ మీద ఒక్కచోటే చూస్తారు! కుడిచేతి వైపు, పై మూల, శాతం అంకె ఉండేచోట. అంతే! మిగతా స్క్రీనంతా వాళ్ళకి గోడతో సమానం. పరీక్ష చేద్దామని బాబాయి ముక్కు కిందే 'బాబాయి గురక ముందు వ్యాన్ ఇంజను దిగదుడుపే' అని రాశాను. ఆయన వంగి, శ్రద్ధగా చూసి, "పద్నాలుగు. పర్లేదే!" అన్నాడు.

ఎనిమిదంకెల పాస్‌వర్డ్ పెట్టుకున్న నా మొహం ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి. నేను ప్రాణాలు ఒడ్డి దాచుకున్న రహస్యాలని బట్టలు ఆరేసినట్టు ఆరేసినా చూసే దిక్కు లేదు!

అప్పుడు నాకొక మహత్తరమైన ఆలోచన వచ్చింది. నోటితో చెప్పలేనిది స్క్రీన్ మీద పెద్దక్షరాలతో రాసి పెడితే? రాశాను. 'నాన్నా, నాకు హాస్టల్ స్కూల్లో సీటొచ్చింది. నేను వెళ్తాను. ఇరవయ్యో తారీఖు లోపల సంతకం పెట్టాలి.' ఒక్కో అక్షరం చొక్కా గుండీ అంత ఉంది. నాన్న డ్యూటీకి వచ్చేవేళకి స్క్రీన్ ఆయన వైపు తిప్పి పెట్టి, నేను పుస్తకంలో తల దూర్చాను. నా గుండె చప్పుడుకి అమ్మ మిషను కూడా వినబడలేదు.

నాన్న చూశాడు. ముందుకి వంగి చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"పదకొండేనా?" అన్నాడు.

మర్నాడు అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చేశాను. "పదమూడు." ఆ మర్నాడు ఇంకా పెద్దవి. "తొమ్మిదా! అదేమిటి, తగ్గింది?" నిజంగానే బాధపడ్డాడండీ. ఆ బాధ చూసి నేనే ఓదార్చాల్సి వచ్చింది.

ఇలా ఉండగా పదిహేనో తారీఖు, ఆదివారం వచ్చింది. ప్రతి ఆదివారం అమ్మ మిషను సూది కింది పలక విప్పి, బ్రష్షుతో పీచు దులుపుతుంది. "పీచు నిండితే ఎంత మంచి మిషనైనా దారం పట్టదు," అని నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ చెబుతూనే ఉంది. దులుపుతూ దులుపుతూ, పక్కన చచ్చి పడున్న ట్యాబ్ మూతిలోకి యథాలాపంగా చూసింది.

"ఇదేమిటే, దీని నోట్లో పచ్చగా?"

సన్నటి చెక్కపుల్ల తీసుకుని మెల్లగా కెలికింది. వచ్చింది! కొంచెం కొంచెంగా, పొరలు పొరలుగా, చివరికి బఠాణీ గింజలో సగం అంత పచ్చటి పీచు ఉండ. నా దుప్పటి సంచీది. నేను జాగ్రత్తగా, ప్రేమగా, రోజుకి పదిసార్లు మూతి అడుక్కి పెట్టి దోపినప్పుడల్లా ఎక్కించిన పీచు!

ఇంట్లో ఒక ఎలక్ట్రీషియన్, ఒక టైలరు, ఒక వీడియో డాక్టరు. జబ్బు తెప్పించింది మాత్రం నా జాగ్రత్త. "నేను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా," అన్నాడు బాబాయి. "నాకూ అనుమానమే," అన్నాడు నాన్న, తొమ్మిది పాయింట్ల బోర్డుకి వీపు అడ్డం పెట్టి. నానమ్మ మాత్రం మా అందరినీ వరసగా ఒకసారి చూసింది. చాలదూ!

రెండు గంటల్లో నూరు! అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న డ్యూటీ కాగితం గోడ మీంచి తీసి, మడిచి, సొరుగులో పెట్టాడు.

ఆ సాయంత్రం బోర్డు పక్కన నేనూ, నూరు శాతం ట్యాబూ కూర్చున్నాం. నానమ్మ తన గదిలో నడుం వాల్చింది. బాబాయి ఫోన్ చూసుకున్నాడు. నాన్న టీవీ పెట్టుకున్నాడు. ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు? పదహారో తారీఖు కూడా అంతే. పదిహేడు కూడా అంతే. నలభై రోజులు ఇల్లంతా 'ఎంతుంది?' అని అడిగింది. బ్యాటరీ బాగయ్యాక, 'ఎలా ఉన్నావు?' అని అడిగే అవసరం ఎవరికీ పడలేదు. గుండీలంత అక్షరాలు స్క్రీన్ మీద అలాగే ఉన్నాయి. ఇప్పుడు మూలకేసి చూసేవాళ్ళు కూడా లేరు.

పద్దెనిమిదో తారీఖున నేనొక నేరం చేశాను. ఇది నా మొదటి నేరం, కాబట్టి దయతో చదవండి.

అమ్మ ముక్కల బుట్టలో వెతికి ఆ పచ్చటి ఉండ పట్టుకున్నాను. మెత్తగా నలిపి, అమ్మ వాడిన పుల్లతోనే ట్యాబ్ మూతిలోకి కుక్కాను. స్క్రీన్ కుడి పై మూల మీద, అంకె కనబడకుండా, నాన్న పనిసంచీలోంచి నల్ల టేపు ముక్క తీసి అంటించాను. తర్వాత భోజనాల దగ్గరికి వెళ్ళి అన్నాను:

"మళ్ళీ ఎక్కట్లేదు!"

ఇల్లంతా వినబడేలా నేను మాట్లాడిన మొదటి మాట అది. ఆ తర్వాత వాళ్ళ మొహాలు చూడాలి! ఒక్కరైనా విచారపడితే ఒట్టు. "నాకు తెలుసు, అది మళ్ళీ వస్తుందని!" అన్నాడు బాబాయి హుషారుగా. నానమ్మ కొంగు సర్దుకుని, "ఈతలో పందెం కట్టిన సంగతి నీకు చెప్పలేదు కదూ?" అంది. నాన్న చెయ్యి కడుక్కోకుండానే సొరుగు లాగి డ్యూటీ కాగితం తీశాడు. వాళ్ళు కూడా మూడు రోజుల్నుంచి ఏం చేయాలో తెలియక తిరుగుతున్నారని అప్పుడర్థమైంది నాకు.

నాన్న వచ్చి కూర్చున్నాడు. వైరు ఎత్తి, ఎడమకి అదిమి పట్టుకున్నాడు. అలవాటుగా మూలకి చూశాడు.

"ఈ టేపు ఎవరంటించారే? ఎంతుంది?"

ఆయన కళ్ళు అంకె కోసం వెతకడం మొదలుపెట్టాయి. ఎడమ మూలకి వెళ్ళాయి. కిందికి దిగాయి. లేదు. మెల్లగా మధ్యలోకి వచ్చాయి. అక్కడ ఆగిపోయాయి.

"ఇది ఎప్పట్నుంచి ఉందే ఇక్కడ?"

"పదకొండు దగ్గర్నుంచి," అన్నాను.

నాన్న ఏదో లెక్కేసుకున్నాడు. వైరు మాత్రం వదల్లేదు. "ఫారమేదీ?" అన్నాడు. సంచీలోంచి తీసిచ్చాను. దానిక్కూడా పచ్చటి పీచే. నోటితో ఊది, మోకాలి మీద పరుచుకుని, ఒంటిచేత్తో సంతకం పెట్టాడు. అందుకే కాస్త వంకరగా పడింది.

"ఆ హాస్టల్లో ప్లగ్గులు ఎలా ఉంటాయో ఏమో," అన్నాడు ఫారం నా చేతికిస్తూ. "నేనూ వచ్చి ఒకసారి చూస్తా."

మర్నాడు పొద్దున్న అమ్మ మళ్ళీ పుల్ల తీసుకుని ట్యాబ్ మూతి శుభ్రం చేసింది. ఉండని కిటికీ వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. పాతికేళ్ళు గుడ్డలతో బతికిన మనిషి.

"దానంతటది చేరిన పీచు పొరలు పొరలుగా ఉంటుంది. ఇది వేళ్ళతో నలిపి కుక్కింది," అంది నెమ్మదిగా. "నోరుంది కదే నీకు! దాని నోట్లో గుడ్డలు కుక్కడమెందుకు?"

ఎంత న్యాయమైన ప్రశ్న! ఈసారి తప్పకుండా జవాబు చెప్పాలనుకున్నాను. నిజంగానే నోరు తెరిచాను కూడా. సరిగ్గా అప్పుడే బయట వ్యాన్ ఎక్కుతూ బాబాయి కేకేశాడు:

"ఏమే, ఎంతుంది?"

"నూరు," అన్నాను.